డెబియన్‌కి మారాను, గ్రాఫిక్స్ కార్డు ‘పోయింది’

నిన్న రాత్రి పదకొండున్నరకి నా పెద్ద మానిటర్ వెలిగింది. నాలుగు రోజుల తర్వాత. కోపం చల్లారితే ఇంక రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది తెనాలి. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెకండియర్ పిల్లలకి కాంతి వ్యతికరణం బోర్డు మీద గీసి చెబితే బుర్రకెక్కదు, అందుకని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న యానిమేషన్లు చేసి చూపిస్తుంటాను. లాప్‌టాప్‌లో ఎన్వీడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది. అది పనిచేస్తే ఒక్కో ఫ్రేమ్ నలభై సెకన్లలో వస్తుంది. లేకపోతే ప్రాసెసర్ ఒక్కటే ఐదారు నిమిషాలు మూలుగుతుంది. పది సెకన్ల వీడియోకి 240 ఫ్రేములు. లెక్క మీరే వేసుకోండి.

నేను వాడుతున్న లైనక్స్ ఉబుంటు 20.04. దాని మామూలు సపోర్టు 2025 మేలో అయిపోయింది. ఆగస్టులో డెబియన్ 13 అనే ఇంకో లైనక్స్ వచ్చింది. సరే, మారదాం అనుకున్నాను. కార్డుని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్ కావాలంటే ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ అని ఒక కిటికీ, అందులో ఒక్క నొక్కు, అంతే. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

ఎక్కించడం అరగంట పని. వైఫై మొదటిసారే పట్టింది. ఒకప్పుడు డెబియన్ అంటే వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్‌లోకి ఎక్కే ప్రోగ్రాం) విడిగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాల్సి వచ్చేది. 2022లో డెబియన్ వాళ్ళు తమలో తాము ఓటింగ్ పెట్టుకుని దాన్ని ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు. హెచ్‌డీఎంఐకి తగిలించిన పెద్ద మానిటర్ కూడా వచ్చింది, లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తో పాటే వచ్చే నూవో డ్రైవర్ పుణ్యమా అని. కాకపోతే నూవో బొమ్మ చూపిస్తుందే తప్ప బ్లెండర్‌కి కావలసిన క్యూడా (కార్డుతో లెక్కలు చేయించే ఎన్వీడియా ఏర్పాటు) ఇవ్వదు. దానికి ఎన్వీడియా సొంత డ్రైవరే వేయాలి.

ఇక్కడ ఒక గంట పోయింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే ఫైల్లో ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అని ముందే ఉంది కదా, చాలనుకున్నాను. చాలదట. డ్రైవర్ ఉండేది ‘నాన్-ఫ్రీ’ అనే ఇంకో విభాగంలో. అది మనమే చేర్చుకోవాలి, పక్కనే ‘కాంట్రిబ్’ కూడా. కెర్నల్ హెడర్ల ప్యాకేజీ మర్చిపోకండి, అది లేకపోతే డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే ముక్క) తయారే కాదు.

అన్నీ వేశాను. నేను రాసి పెట్టుకున్న కాగితంలో చివర ‘మోక్‌యుటిల్’ అని ఒక ఆజ్ఞ ఉంది. అది పాస్‌వర్డ్ పెట్టమంది, రెండుసార్లు కొట్టాను. దేనికో అది చెప్పలేదు, నేనూ పట్టించుకోలేదు. రీబూట్ చేశాను.

పెద్ద మానిటర్ నల్లగా అయిపోయింది. ‘నో సిగ్నల్’. లాప్‌టాప్ తెర మాత్రం బాగానే ఉంది. డ్రైవర్ వేయకముందు వచ్చిన మానిటర్ వేశాక రాకపోవడమేమిటి? తీసేసి మళ్ళీ వేశాను. మళ్ళీ నలుపే. డెబియనే మొత్తం మళ్ళీ ఎక్కించాను. నూవోతో వస్తుంది, ఎన్వీడియా డ్రైవర్ వేసి రీబూట్ చేయగానే పోతుంది. రెండు రోజుల్లో ఐదుసార్లు. కేబుల్ మార్చాను. మానిటర్ని పక్కింటి వాళ్ళ సెట్‌టాప్ బాక్సుకి పెట్టి చూశాను, వాళ్ళ సీరియల్ శుభ్రంగా వచ్చింది.

మూడో రోజు బజార్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ కుర్రాడు నా పాత స్టూడెంటే. లాప్‌టాప్ విప్పను కూడా విప్పలేదు. హెచ్‌డీఎంఐ వైరు పెట్టాడు, తీశాడు. “చిప్ పోయింది సార్. బోర్డు మార్చాలి, పద్దెనిమిది వేలవుతుంది.” ఇంకో నలుగురు కస్టమర్లు వింటుండగా, “ఈ వయసులో మీకెందుకు సార్ లైనక్సూ అదీ, విండోస్ వేయించుకోండి” అన్నాడు. నాకు నలభై ఆరు. అర్ధవాహకాల పాఠం వీడికి నేనే చెప్పాను. అయినా నోరు మూసుకుని బోర్డు తెప్పించమని వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను చూడండి, అదీ నా తెలివి. రిపేరుకిచ్చేముందు టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని కొట్టి చూసుకోండి, మిషన్‌లో ఉన్న కార్డుల జాబితా వస్తుంది. కార్డు పేరు అక్కడ కనిపిస్తుంటే చిప్ పోయిందన్న మాట వెంటనే నమ్మకండి.

నిన్న సాయంత్రం బెంగళూరు నుంచి మేనల్లుడు ఫోన్ చేస్తే చెప్పుకుని ఏడ్చాను. వాడు డ్రైవర్ని చేత్తో ఎక్కించమన్నాడు. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వచ్చింది.

“సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది మామయ్యా. రీబూట్ అయినప్పుడు నీలం స్క్రీన్ వచ్చిందా?”

“ఏ నీలమూ రాలేదురా, నలుపే.”

“నువ్వు ఏ మానిటర్ చూస్తున్నావు?”

జవాబు చెప్పలేకపోయాను. లాప్‌టాప్ పక్కన స్టూలు మీద, మూత సగం దించి ఉంటుంది. నేను రీబూట్ చేసిన ప్రతిసారీ, వెలుగుతుందేమోనని పెద్ద మానిటర్ వైపే గుడ్లప్పగించి కూర్చున్నాను. ఆ నీలం తెర స్టూలు మీద పది సెకన్లు నా కోసం ఎదురుచూసి, ఎవరూ మీట నొక్కకపోయేసరికి తన దారిన తను వెళ్ళిపోయింది. ఐదుసార్లూ! వెనక నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఫోన్ స్పీకర్లో ఉంది మరి.

సంగతేమిటంటే, సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు తనకి తెలిసిన తాళంచెవితో సంతకం చేసిన మాడ్యూల్‌నే కెర్నల్ లోపలికి రానిస్తుంది. డెబియన్‌లో ఎన్వీడియా మాడ్యూల్ మన మిషన్ మీదే తయారై, అక్కడే పుట్టిన తాళంచెవితో సంతకం అవుతుంది. ఆ చెవి మనదేనని మనిషి ఎదురుగా కూర్చుని, బూట్ అయ్యేటప్పుడు మీట నొక్కి చెప్పాలి. ఏదో దొంగ ప్రోగ్రాం మనకి తెలియకుండా ఆ పని చేయకూడదని ఈ ఏర్పాటు. నేను చెప్పలేదు కాబట్టి ఎన్వీడియా డ్రైవర్‌ని గుమ్మంలోనే ఆపేసింది. దాన్ని వేసేటప్పుడే నూవోని పక్కన పెట్టేశారు. నా లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ తీగ ఎన్వీడియాకే కలిసి ఉంది, సొంత తెర ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కలిసి ఉంది. అందుకే ఒకటి వెలుగు, ఒకటి చీకటి.

సెక్యూర్ బూట్ ఆపేస్తే చాలు మామయ్యా అని కూడా అన్నాడు వాడు. చాలామంది అదే చెబుతారు. ఆపలేదు. షాపులో పడ్డ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది, సరైన దారిలోనే చేసి తీరాలనిపించింది.

ఆ చెవి నమోదుకి అర్జీ పెట్టేది మోక్‌యుటిలే, దాన్ని మళ్ళీ నడిపాను. పాస్‌వర్డ్ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. లాప్‌టాప్‌ని స్టూలు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని రీబూట్ చేశాను. వచ్చింది నీలం తెర. మీట నొక్కాను. ‘ఎన్‌రోల్ మోక్’ (అంటే మన చెవిని నమోదు చేయడం), ‘కంటిన్యూ’, ‘యెస్’, పాస్‌వర్డ్, మళ్ళీ రీబూట్. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద అక్షరాలు కనపడవు, కంగారు పడకండి. తర్వాత కెర్నల్ మారినా ఇదే చెవి పనిచేస్తుందట, మళ్ళీ మళ్ళీ నమోదు చేయనక్కర్లేదు.

రాత్రంతా వ్యతికరణం పాఠానికి రెండు చీలికల ప్రయోగం వీడియో రెండర్ అవుతూనే ఉంది. పొద్దున షాపు కుర్రాడు ఫోన్ చేశాడు, బోర్డు వచ్చింది సార్, లాప్‌టాప్ పట్టుకురండి అని. నా వెయ్యి నాకిచ్చేయరా అన్నాను. ఓనర్‌ని అడిగి చెబుతానన్నాడు.