వెతికితే దొరకని మాట

"బైబిల్లో 'క్రైస్తవం' అనే మాట ఎన్నిసార్లు ఉంది నాన్నా?"

"వందల్లో ఉంటుందమ్మా," అనేశాను, తల కూడా ఎత్తకుండా.

పది నిమిషాల్లో, బైబిల్లో ఏ మాట ఎక్కడుందో చూపే పదసూచిక తెచ్చి నా ముందు పెట్టింది మా అమ్మాయి. చీమల బారులాంటి ఆ అక్షరాల వెంట వేలు పెట్టి చూశాను. ఆ మాటే లేదు! 'క్రైస్తవుడు', 'క్రైస్తవులు' అన్నవి కూడా మూడంటే మూడు చోట్లే: అపొస్తలుల కార్యాల్లో రెండు, పేతురు మొదటి పత్రికలో ఒకటి.

పైగా యేసు శిష్యులు తమకు తాము పెట్టుకున్న పేరులాగా కూడా లేదు. అంతియొకయ అనే నగరంలో వారు మొదటిసారి క్రైస్తవులు 'అనబడిరి'. అంటే పిలిచింది వేరెవరో. వాళ్లు మాత్రం తమది 'మార్గం' అనుకున్నారు. క్రైస్తవం అనే మాట మనకు తొలిసారి కనిపించేది 2వ శతాబ్దంలో, అదే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ లేఖల్లో.

అన్నట్టు, 'క్రీస్తు' కూడా పేరు కాదు, 'అభిషిక్తుడు' అనే అర్థమున్న గ్రీకు బిరుదు. ఇన్నేళ్లూ నేను ఇంటిపేరులాగే పలికాను.

"మరి 'మతం' అనే మాట ఎన్నిసార్లు ఉంది?" అంటోంది ఇప్పుడు.

ఈసారి నోరు మెదపలేదు.