కంట్లో చుక్కలు వేసేలోపు

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈరోజు స్కూలుకు సెలవు పెట్టాను. చిన్నమ్మను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. రెండు నెలల కింద కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దాని చెకప్పు ఒకటి, ఎడమ కంటికి ఎప్పుడు చేస్తారో అడగడం ఒకటి. కాళహస్తి నుంచి తెల్లవారుజాము బస్సు పట్టుకుని ఏడుకల్లా మా గుమ్మంలో నిలబడింది, చేతిలో మునక్కాయల సంచితో. "తొమ్మిదికి కదా రమ్మన్నారు" అంటే, "తొమ్మిదికి పోతే టోకెన్ నూరు దాటుతాది పాపా" అంది. ఎనిమిదికే పోయినా మాకు దొరికింది 64.

తిరుపతిలో ఏ ఆస్పత్రికి పోయినా కొన్ని గుండ్లు కనబడతాయి. దర్శనం, డాక్టరు రెండూ ఒకే ప్రయాణంలో అయిపోతాయని వస్తారు. మా ముందు వరుసలో నాలుగు గుండ్లు, చందనం ఇంకా ఆరలేదు. గోడ మీద టీవీ ఉంది, సౌండ్ లేదు. నేను ఫోన్ తీశాను.

డ్రాయింగ్ టీచర్ని కాబట్టి పొద్దున్నే మ్యూజియంల పేజీలు తిరగేయడం నాకు అలవాటు. వాళ్ళు పెట్టేవన్నీ గొప్పగా ఉంటాయని కాదు. చాలావరకు తమాషాలే. ఈరోజు ఎందుకో ఆ పాత పొట్టేలు మళ్ళీ కనిపించింది. ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్ళో పల్లె బతుకుల మ్యూజియం ఒకటి ఉంది. 2018 ఏప్రిల్‌లో వాళ్ళు ఆ పొట్టేలు పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టి, 'ఏం ఆకారమో చూడండి' అన్నట్టు ఒక్క ముక్క రాశారు. అంతే, నాగళ్ళు, గంపలు దాచుకునే ఆ చిన్న మ్యూజియం పేరు ప్రపంచమంతా పాకింది.

"ఏమి పాపా అట్లా నవ్వుతా ఉండావు?"

చూపించాను. చిన్నమ్మ కళ్ళు చికిలించి చూసి, "ఇరవై అయిదు కిలోలు పడతాది" అంది. కళ గురించి మాట్లాడుతున్నామని నేనే అనుకున్నాను.

లాక్‌డౌన్‌లో అమెరికాలో ఒక కౌబాయ్ మ్యూజియం ట్విట్టర్‌ను సెక్యూరిటీ ఆయనకు అప్పజెప్పిన కథ కూడా చెప్పాను. టిమ్ అని, పెద్దాయన. మనవడు హ్యాష్‌ట్యాగ్ పెట్టు తాతా అంటే, ఆ గుర్తు పెట్టకుండా 'హ్యాష్‌ట్యాగ్' అనే మాటను అక్షరాలతో రాసేవాడు. జనం ఆయన కోసమే ఎగబడ్డారు. సరిగ్గా అప్పుడే ఇక్కడి సెక్యూరిటీ ఆయన వచ్చి "సౌండ్ తగ్గించుకోండమ్మా" అన్నాడు. ఫోన్‌లో సౌండే లేదు, మా ఇద్దరి నవ్వే.

నాకు ఈ తమాషాల మీద పెద్ద కోపం లేదు. లడ్డు కోసం కొండెక్కినవాడు కూడా ఎలాగూ వచ్చాను కదా అని దేవుణ్ణి చూసే వస్తాడు. కానీ పొట్టేలుకు లైకు కొట్టినవాళ్ళలో ఎంతమంది ఆ పేజీ దాటి లోపలి వస్తువుల దాకా పోతారు అన్నది నా అనుమానం. అసలు సరుకంతా ఉండేది లోపల. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000 బొమ్మలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది. మన సాలార్‌జంగ్, నాగార్జునకొండ వస్తువులు కూడా కేంద్రం వాళ్ళ మ్యూజియం పోర్టల్‌లో ఉన్నాయి. అవి రీల్స్‌లాగా మన ముందుకు దొర్లుకుంటూ రావు. మనమే వెతుక్కుని పోవాలి.

ఆ మెట్రోపాలిటన్ పేజీలోనే ఒక కలంకారీ రుమాలు ఉంది. చిన్నమ్మకు చూపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా. ఆమె నలభై ఏళ్ళుగా కలం పట్టింది. ఆమె సంచిలోంచి మునక్కాయల వాసన కంటే ముందు కరక్కాయ, ఎనుము పాల వాసన వస్తుంది.

"గోల్కొండ సుల్తానుల కాలంది, 1640 ప్రాంతం. బహుమతుల పళ్ళెం మీద కప్పేవాళ్ళంట" అని ఫోన్ చేతికిచ్చాను.

చూసింది. పెదవి విరిచింది. "మాగిపోయిన గుడ్డ. నీలి అంతా పోయిండాది."

నేను ఉత్సాహపడినంత సేపు పట్టలేదు నీరసపడటానికి. తర్వాత తట్టింది. కళ్ళకు హాయిగా ఉంటుందని ఫోన్‌లో ఐ కంఫర్ట్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకుంటా. అది తెర మొత్తాన్ని పచ్చగా చేసేస్తుంది. ఇన్నేళ్ళూ బొమ్మలన్నీ ఆ పసుపులోనే చూస్తున్నానన్న మాట, డ్రాయింగ్ టీచర్ని! ఆఫ్ చేశాను. చిన్నమ్మ "ఆఁ" అని ఫోన్ దగ్గరికి లాక్కుంది.

వేలితో పెద్దది చెయ్యడం నేర్పాను. రెండు నిమిషాల్లో నాకంటే బాగా వచ్చేసింది. "మేము దేవుళ్ళను వేస్తాం. ఈయన దొరలను, దొరసానులను వేసినాడు. గీత చూడు, చెయ్యి వణకలేదు." కింద రాసిన ఇంగ్లిష్ చదివి చెప్పమంది. మార్డెంట్ అని ఉంది. అంటే పటిక, మీ కసిం లాంటివి చిన్నమ్మా, రంగును గుడ్డకు పట్టించేవి అన్నాను. బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి చేసే నలుపుకు ఇంత పేరుందా అని నవ్వింది. రెసిస్ట్ అనే మాట దగ్గర మాత్రం నేను చెప్పకముందే ఆమె అందుకుంది. "మైనం. నీలి అక్కర్లేని చోటంతా మైనం పూసి తొట్టిలో ముంచేవాళ్ళంట, మా మామగారు చెప్పేవాడు. మేము నీలిని కూడా కలంతోనే వేస్తాం."

"ఎవరు వేసినారంట?"

"పేరు లేదు చిన్నమ్మా."

"ఊరు?"

"గోల్కొండ రాజ్యం అంతే."

"అంత రాజ్యంలో ఎవరిని వెతికేది" అని మళ్ళీ బొమ్మలో పడింది.

అప్పుడు ఒక పని చేసింది. ఎడమ కన్ను మూసి చూసింది. తర్వాత కుడి కన్ను మూసి చూసింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. ఏమైందో అని నాకు టెన్షన్. "ఈ కంటికి నీలి. ఈ కంటికి చెరువు నీళ్ళు" అంది.

ఆపరేషన్ అయిన కంటికి నీలం నీలంగా కనిపిస్తోంది. శుక్లం ఉన్న కన్ను ఇంకా ఆ పచ్చటి పొరలోంచే చూస్తోంది. నా ఫోన్‌లోది ఒక్క బటన్‌తో పోయింది, ఆమె కంట్లోది అయిదారేళ్ళుగా ఉంది. ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరగకుండానే, "అయితే ఇన్నాళ్ళూ నేను వేసిన నీలి ఎట్లుండాదో పాపా" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ గుడ్డలన్నీ అమ్ముడైపోయాయి. ఏ ఊళ్ళో ఏ గోడకు ఉన్నాయో.

అంతలో నర్సు వచ్చి చుక్కలు వేసింది. పది నిమిషాలకోసారి, మూడు సార్లు. ఇక ఫోన్ చూడటం అయిపోయింది, వెలుతురు తగిలితేనే కళ్ళు మూసుకుంటోంది. కళ్ళు మూసుకునే "ఇంకేమన్నా చెప్పు" అంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం సంగతి చెప్పాను. రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్ అనే గోడంత బొమ్మను ముక్కలు ముక్కలుగా 8,439 ఫొటోలు తీసి, అన్నీ కలిపి 2022లో నెట్‌లో పెట్టారని, 717 గిగాపిక్సెల్ అని. గిగా అంటే ఏందని అడగలేదు. "ఎందుకంట అన్ని?" అని అడిగింది. బాగు చేసేముందు ఎక్కడ పగిలిందో, ఎక్కడ రంగు లేచిందో తెలియడానికి అన్నాను. "కంటి డాక్టరు కూడా అంతే, లైటేసి లైటేసి చూస్తాడు" అంది.

డాక్టరు చూడటం అయిదు నిమిషాల పని. ఎడమ కంటికి వచ్చే నెల.

బయటికొచ్చాక ఆ రుమాలు ప్రింటు కావాలంది. "వాళ్ళది మనం తీసుకుంటే పోలీసులు రారు కదా?" అని నిజంగానే అడిగింది. రారు, వాళ్ళే తీసుకోమన్నారు అన్నాను. ఆస్పత్రి సందులో జిరాక్స్ అంగట్లో కలర్ ప్రింటు తీయించాను. నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, చిట్లించుకుంటూ ఒక్కసారి చూసి, "ఇదేం ఎరుపు, వక్కాకు ఊసినట్టు" అని చుట్టి సంచిలో పెట్టుకుంది. రెండు గంటల బస్సుకు ఎక్కించి వచ్చాను. ఆ కళ్ళతో ఒక్కదాన్నే పంపను అంటే వినదు. వాళ్ళబ్బాయి కాళహస్తి బస్టాండుకు వస్తానన్నాడు కాబట్టి సరిపోయింది.

ఇందాక తొమ్మిదింటికి ఫోన్ చేసింది. చుక్కల మత్తు దిగిందంట. మనవడు ఆమె గుడ్డల మీద రీల్స్ చేసి పెడుతుంటాడు. ఇరవై రోజుల పనిని ముప్పై సెకన్లలో గిరగిరా తిప్పేసి, వెనక ఒక సినిమా పాట. కింద అందరూ అడిగేది ధర ఒక్కటే. ఇన్నాళ్ళూ ఆ రీల్స్‌ను ఆమె లెక్కచేసింది లేదు. ఈరోజు మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి, మూడేళ్ళ కిందటి దాకా పెట్టినవన్నీ వెనక్కి వెనక్కి తీయించి, ఎడమ కన్ను మూసుకుని చూసిందంట.

"కృష్ణుణ్ణి మరీ ముదురు చేసేసినా పాపా. నాకు కనపడక ఇంకొంచెం ఇంకొంచెం అని పూస్తా పోయినట్టుండా. ఒక దాంట్లో నల్లగా ఉండాడు, ఇంకో దాంట్లో బాగుండాడు. రెండూ ఒకే గుడ్డ! ఫోన్‌ను నమ్మేదా, కన్నును నమ్మేదా?"

ఒకటి ఎండలో తీసి ఉంటాడు, ఒకటి ట్యూబ్‌లైట్ కింద తీసి ఉంటాడు అన్నాను. మ్యూజియం వాళ్ళు ఫొటో తీసేటప్పుడు వస్తువు పక్కన రంగుల గడులున్న ఒక పట్టీ పెడతారని, ఆ పట్టీలో రంగు సరిగ్గా వచ్చేదాకా కంప్యూటర్‌లో సరిదిద్దుతారని, అప్పుడు గుడ్డ రంగు కూడా సరిపోతుందని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది, నాకు అది అర్థం కావడానికి వారం పట్టింది.

"పట్టీ ఎందుకు, పసుపు కొమ్ము, కరక్కాయ, బెల్లం ముక్క పక్కన పెట్టి తీయమంటా. అవి ఏ రంగుంటాయో నాకు తెలుసు కదా."

పసుపు కొమ్ము సరే, కరక్కాయా సరే, చిత్తూరు బెల్లమే ఒక్కో అంగట్లో ఒక్కో రంగు కదా చిన్నమ్మా అన్నాను. అక్కడినుంచి ఇంకో పావుగంట బెల్లం గురించే మాట్లాడుకున్నాం.