మోకాలు వంచితే పిక్కలో ఏం మారుతుంది?

పిక్క అని ఒకే మాటతో చెప్పేస్తాం గానీ అక్కడ పనిచేసే పెద్ద కండరాలు రెండు. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్. అది తొడ ఎముక కింది చివర, మోకాలికి పైనే మొదలవుతుంది. దాని అడుగున పలకలా పరుచుకున్నది సోలియస్. ఇది మోకాలికి కిందనే, కాలి ఎముకల మీద పుడుతుంది. రెండూ కలిసి అకిలిస్ టెండన్ అనే గట్టి పట్టీగా మారి మడమ ఎముకకు అతుక్కుంటాయి. అంటే గ్యాస్ట్రోక్నీమియస్ రెండు కీళ్లను దాటుతుంది, సోలియస్‌కు మోకాలితో సంబంధమే లేదు. పిక్క వ్యాయామాల్లో తికమకంతా ఈ తేడా దగ్గరే.

మోకాలు వంచగానే గ్యాస్ట్రోక్నీమియస్ రెండు కొసలూ దగ్గరపడి కండరం వదులవుతుంది. అప్పటికే కురచబడిన కండరం ఇంకా కుంచించుకుని బలం చూపలేదు. అందుకే కుర్చీలో కూర్చుని మడమలు లేపితే భారమంతా దాదాపు సోలియస్ మీదే పడుతుంది. 2023లో వచ్చిన ఒక జపాన్ అధ్యయనంలో ఒక కాలికి నిలబడి, మరో కాలికి కూర్చుని 12 వారాలు శిక్షణ ఇచ్చారు. గ్యాస్ట్రోక్నీమియస్ లోపలి భాగం నిలబడి చేసిన కాలిలో 9 శాతం పైచిలుకు పెరిగితే, కూర్చుని చేసిన కాలిలో 1 శాతం కూడా పెరగలేదు. సోలియస్ మాత్రం రెండు కాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా, 2-3 శాతం పెరిగింది. పిక్క ఆకారం కోసం కూర్చుని చేసే మెషీన్ మీద గంటలు గడిపేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

నిలబడి చేసేటప్పుడు మెట్టు అంచున పాదం ముందుభాగం ఆనించి, మోకాలు నిటారుగా ఉంచి, మడమను మెట్టు కిందికి పూర్తిగా దించి, 2 సెకన్లు ఆగి లేపాలి. ఆ ఆగడం ఎందుకంటే, గబగబా ఎగిరితే టెండన్ స్ప్రింగులా పనిచేసి కండరం పని తగ్గించేస్తుంది. పదో పన్నెండో అయ్యేసరికి అలసటతో మోకాళ్లు తెలియకుండానే కొంచెం వంగుతాయి. లెక్క పెరుగుతూనే ఉంటుంది, పని సోలియస్‌కు మారిపోతుంది.

బిగుతు చూసేటప్పుడూ ఇదే సూత్రం. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు వంచి గోడకు తాకించే పరీక్ష చాలామందికి తెలుసు. బొటనవేలికీ గోడకూ మధ్య 10 సెంటీమీటర్లు వస్తే బాగున్నట్టే. కానీ మోకాలు వంగి ఉంది కాబట్టి గ్యాస్ట్రోక్నీమియస్ బిగుతు ఇందులో బయటపడదు. దానికి పడుకోబెట్టి మోకాలు చాచి పాదాన్ని పైకి వంచి చూడాలి, తర్వాత మోకాలు మడిచి మళ్లీ చూడాలి. చాచినప్పుడు ఆగిపోయి, మడిచినప్పుడు హాయిగా వంగితే బిగుతు గ్యాస్ట్రోక్నీమియస్‌ది. రెండుసార్లూ ఆగితే సోలియస్‌దో, చీలమండ కీలుదో. ఆ పరీక్షలో పాదాన్ని కొంచెం లోపలికి తిప్పి పట్టుకోవడం మరచిపోకూడదు. లేకపోతే అరికాలి వంపు కుంగి, చీలమండే వంగినట్టు కనిపించి మోసం చేస్తుంది.

గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు లేచిపోయేవాళ్లు మోకాలు చాచి గోడను తోస్తూ నెలల తరబడి స్ట్రెచ్ చేస్తుంటారు. కానీ గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా మడిచి ఉంది, గ్యాస్ట్రోక్నీమియస్ వదులుగా ఉంది, అడ్డం పడేది అది కాదు. వెనక కాలి మోకాలు వంచి, మడమ నేలకు అదిమి, 30 సెకన్ల చొప్పున మూడు నాలుగుసార్లు ఆగడమే దారి. అలా చేస్తుంటే చీలమండ ముందువైపు నొక్కుకుపోయినట్టు నొప్పి వస్తే, కారణం కండరం కాదు, కీలు. అప్పుడు స్ట్రెచింగ్ ఆపి ఫిజియోకు చూపించాలి.

రాత్రి పిక్క పట్టేసినప్పుడు కూడా చాలామంది మోకాలు ముడుచుకుని పాదం పట్టుకుని లాగుతారు. పట్టేసింది ఎక్కువగా గ్యాస్ట్రోక్నీమియస్ కాబట్టి అది సాగదు. ముందు మోకాలు చాచాలి, ఆ తర్వాతే వేళ్లను ముఖం వైపు లాగాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పి తగ్గకపోతే మాత్రం లాగొద్దు, మర్దనా చేయొద్దు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.