పెట్టుబడి చీరలు ఫోన్ల కొంటరా ఎవరన్నా?

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయినంక మా నల్లగొండ ఇండ్లల్ల షాపింగ్ లెక్కలే మారిపోయినయ్. ఇంతకుముందు హైదరాబాద్ మాల్‌కి పోదామంటే చార్జీలకే అన్ని పైసలు పెట్టుడెందుకు, ఫోన్ల బుక్ చేసుకోరాదా అనేటోళ్లు, ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ కార్డు చూపిచ్చి జీరో టికెట్ తీస్కుని నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్ల దిగుతున్నరు, అక్కడ మెట్రో ఎక్కితే కూకట్‌పల్లి దాంక ఒక్కటే లైను. మెట్రోకు మాత్రం పైసలే అనుకోండి. మగోళ్లకు బస్సు టికెట్ ఉంది కాబట్టి వాళ్లు ఇంటికాడనే ఉంటున్నరు, నన్నడిగితే అది ఇంకో లాభం.

అట్లని ఆన్‌లైన్ వద్దని అంటలేను. మిక్సీ జార్ రబ్బరు ఊడిపోతే ప్రకాశం బజార్ అంతా తిరిగినా మన మోడల్‌ది దొరకదు, ఫోన్ల మోడల్ నంబర్ కొడితే వచ్చేస్తది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఒకప్పుడు పుస్తకాలకు కోఠికో అశోక్‌నగర్‌కో పోయేటోళ్లు, ఇప్పుడు ఇంటికే తెప్పిచ్చుకుంటున్నరు. టౌన్ల 508001 పిన్‌కోడ్‌కి ఇబ్బంది లేదు గానీ దేవరకొండ అవతల తండాలల్ల ఉండేటోళ్ల బాధ వేరే, డెలివరీ పిలగాడు మండల్ సెంటర్ల నిలబడి "అక్కా, జర ఇక్కడిదాంక వస్తరా" అని ఫోన్ చేస్తడు, అడ్రస్ చెప్పాలంటే బొడ్రాయి కాడికెల్లి మొదలుపెట్టాలె.

నా లెక్క ఏందంటే, ఒక్కరికి కావాల్సింది ఒక్కరే కొనుక్కునేదైతే ఫోన్ మంచిది, పదిమంది మాట మీద కొనేదైతే దుకాణానికే పోవాలె. పదిమంది మాట అంటే మన దిక్కు లగ్గం బట్టలే, ఇంకేముంటది.

లగ్గం బట్టలకు పోయినప్పుడు చూడాలె ఆ సంబురం. హైదరాబాద్ దాంక ఎందుకు, ఇప్పుడు మా క్లాక్ టవర్ చుట్టుపక్కల కూడా నాలుగు అంతస్తుల బట్టల మాల్స్ లేచినయ్, ఏసీ, లిఫ్టు, పోంగనే మంచినీళ్లు. అత్తగారి దిక్కోళ్లు, మేనత్తలు, చిన్నమ్మలు అందరూ పరుపుల మీద కూసుంటరు, ఆ సేల్స్ పిల్ల పాపం చీరలు గుట్టపోస్తనే ఉంటది, "ఇట్లాంటిదే వేరే కలర్ చూపియ్యమ్మా" అని వీళ్లు అంటనే ఉంటరు. లగ్గంల చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలైతే ఇంకా కష్టం, ఇద్దరు మేనత్తల చీరలకు రెండొందల తేడా వచ్చిందంటే ఆ మాట వాళ్ల మనవలు పెద్దగయ్యేదాంక నడుస్తది. అందుకని ఒకే రేటు కట్టలకెల్లి రంగులు మార్చి తీస్తరు, ఎవరికి ఏది అని అక్కడనే కూసోని పంచుకుంటరు, అలిగేటోళ్లు ఉంటే అక్కడనే అలుగుతరు, అయిపోతది. ఇదంతా ఫోన్ల ఎట్లయితది చెప్పండి, స్క్రీన్ మీద ఒక్కొక్కరి ఫోన్ల ఒక్కో రంగు కనపడుతది, వదినకు మెరూన్, చిన్నమ్మకు వంకాయ రంగు. మా అమ్మైతే మాల్ లైట్లను కూడా నమ్మదు, చీర పట్టుకుని డోర్ కాడికి పోయి ఎండల చూసొస్తది, సెక్యూరిటీ ఆయన ఎనకాలే నడుస్తడు.

రంగు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కత్ చీరల ముచ్చట కూడా చెప్తా. పోచంపల్లి మా పాత నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిల ఉంది, 2005ల జీఐ గుర్తింపు, అంటే ఈ నేత ఈ ఊరిదే అనే సర్కారు గుర్తింపు కూడా వచ్చింది. ఆన్‌లైన్ల ఐదారొందలకే పోచంపల్లి డిజైన్ చీర అని పెడుతరు, ఫొటోల అచ్చం అట్లనే ఉంటది, కానీ అది ప్రింట్. అసలుదైతే నూలుకే ముడులు కట్టి రంగులద్ది అటెన్క మగ్గం మీద నేస్తరు కదా, డిజైన్ అంచులు జర చెదిరినట్టు ఉంటయి, తిప్పి చూస్తే రెండు దిక్కులా రంగు ఒక్కతీరుగ ఉంటది, ప్రింట్ది ఎనకవైపు మామూలుగ వెలిసినట్టు ఉంటది. అదే జిల్లాల పుట్టపాక ఊరోళ్లు నేసే డబుల్ ఇక్కత్‌లైతే పడుగు, పేక అంటే నిలువు నూలు, అడ్డం నూలు రెండింటికీ ముందే రంగులద్దుతరు, ఆ పనికి ఆ రేటు ఊకెనే రాదు. చీర తిప్పి చూసుకునే సౌలత్ ఫోన్ల లేదు. మాల్‌ల ఉంది, కానీ అక్కడ కూడా ప్రింట్ చీరలు ఉంటయి, అడిగితే తప్ప చెప్పరు. పాలమూరు దిక్కు మా చుట్టాలు గద్వాల, నారాయణపేట చీరలు నేసేటోళ్ల కాడనే తీస్కుంటరు, కొందరు నేతోళ్లు ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్ల రెండు పక్కలా తిప్పి చూపిస్తున్నరంట, మరి దాన్ని ఆన్‌లైన్ అనాల్నా దుకాణం అనాల్నా నాకైతే తెల్వది.

వాపస్ ఇచ్చుడుల మాత్రం ఆన్‌లైన్‌దే పైచేయి. ఇక్కడ దుకాణాలల్ల "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకుని కూసుంటరు, అక్కడ వారం రోజులల్ల ఇంటికొచ్చి తీస్కపోతరు, అయితే ఫాల్ కుట్టిచ్చినంక ఎవ్వరూ తీస్కోరు, అది వేరే సంగతి. కాకపోతే కట్టేటప్పుడు బిల్లు జర చదవాలె, మనం వెయ్యంది కార్ట్ల పడుడు, ఆఖర్ల ఏదో ఫీజు కలుపుడు ఉంటయి. ఇట్లాంటి 13 రకాల ఉపాయాలు చెయ్యొద్దని 2023 నవంబర్ల కేంద్రం రూల్స్ పెట్టింది, కంప్లైంట్ చెయ్యాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టొచ్చు.

కార్ల మాల్‌కి పోయేటోళ్లకు కూడా ఒక రూల్ ఉంది, 2018ల తెలంగాణ సర్కారు తెచ్చిన జీవో 63. మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఫ్రీ, గంటలోపల అయితే ఏదన్నా కొన్న బిల్లు చూపిస్తే చాలు, గంట దాటితే ఆ బిల్లు పార్కింగ్ చార్జి కంటే ఎక్కువుండాలె. బిల్లు అడుగుతె చూపియ్యండి, ఊకెనే పైసలు కట్టకండి.

వచ్చే మాఘంల మా చిన్నమ్మ బిడ్డ లగ్గం ఉంది. మా తమ్ముడు బట్టల కోసమని వాట్సాప్ గ్రూప్ చేసి పొద్దున లేస్తే లింకులు పెడుతుండు. గ్రూప్ల అందరూ చూస్తున్నరు, దండం బొమ్మలు పెడుతున్నరు, లింక్ మాత్రం ఎవ్వరూ ఓపెన్ చేస్తలేరు.