బూజు పట్టిన క్యాసెట్లో సురబాయా హోరు

బీటిల్స్ పాటలు వాయించారని 1965లో కూస్ బెర్సౌదారా అన్నదమ్ముల్ని జకార్తాలో జైల్లో పెట్టారు. పదేళ్లు తిరక్కుండానే అదే ఇండోనేషియాలో ఫజ్ గిటార్లు (శబ్దాన్ని గరగరలాడేలా చేసినవి), ఫంక్ డ్రమ్స్ హోరెత్తాయి. సురబాయాలో ఒక మందుల షాపు పేరే బ్యాండు పేరైంది: అపోతిక్ కలి ఆసిన్, పొట్టిగా అకా. బాండుంగ్‌లో షార్క్ మూవ్ అనే బ్యాండు. 2011లో నౌ-ఎగైన్ అనే రికార్డు కంపెనీ వాళ్ల పాటల సంకలనంతో ఇవి మళ్లీ ప్రపంచం చెవిన పడ్డాయి. ఎంత మంచి పని చేశారో!

ఆ కాలపు క్యాసెట్ చేతికొస్తే వెంటనే ప్లే నొక్కకండి. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే బూజే. అలాగే తిప్పితే హెడ్‌కి (టేపుని చదివే ప్లేయర్ భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. లోపలి స్పంజు ప్యాడ్ ఊడితే టేపు హెడ్‌కి ఆనదు, శబ్దం మందగిస్తుంది. చుట్టని స్క్రూలున్న వేరే షెల్‌లోకి (ప్లాస్టిక్ డొప్పలోకి) మార్చాలి. ఆపైన చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్, ఒకసారి రివైండ్.

అసలు ప్రాణం అజిముత్‌లో, అంటే టేపుకి హెడ్ ఆనే కోణంలో ఉంది. మోనోలో (రెండు చానెళ్లూ కలిపి) వింటూ హెడ్ పక్క స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) పదునుగా పలికిన చోట ఆపండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ నాణ్యతలో కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. నాయిస్ రిడక్షన్ మాత్రం వద్దు, హిస్‌తో (టేపు బుస శబ్దంతో) పాటు ఫజ్ గిటార్ గరుకుదనమూ పోతుంది.