గ్రేవీ జీబ్రాల దగ్గర ఆగిపోయిన రోజు

ఆదివారం. మధ్యాహ్నం పనేమీ లేక జూకి వెళ్ళాను. గ్రేవీ జీబ్రాల కంచె దగ్గరికి వచ్చాక ఇక కాళ్ళు కదల్లేదు. మామూలు జీబ్రా కంటే ఇవి ఎత్తు. చారలు సన్నగా, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉంటాయి. పొట్ట మాత్రం తెల్లన, అక్కడ ఒక్క చారా ఉండదు. చెవులు పెద్దవి, గుండ్రటివి. ఒక పిల్ల తల్లిని ఆనుకుని నిలబడి ఉంది. దాని చారలు ఇంకా నల్లబడలేదు, ఎర్రమట్టి రంగులోనే ఉన్నాయి. మెడ మీది జూలు వీపంతా పాకి తోక దాకా వెళ్ళింది.

తల్లి తొట్టి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. పిల్ల కూడా వెనకే వెళ్ళింది. అంత మామూలు సంగతే, కానీ అడవిలో ఈ జాతి బతుకంతా అక్కడే చిక్కుకుని ఉంది. మిగతావి అయిదు రోజుల దాకా నీళ్ళు లేకుండా ఓర్చుకోగలవు. పాలిచ్చే తల్లికి మాత్రం రోజూ, లేదంటే రోజు విడిచి రోజైనా నీళ్ళు కావాలి. అందుకే అది నీటికి దూరంగా వెళ్ళడానికి వీల్లేదు.

ఇవి ఇప్పుడు కెన్యా ఉత్తర భాగంలో, ఇథియోపియాలో మాత్రమే మిగిలాయి. 1970ల చివర్లో 15,000 దాకా ఉండేవని అంచనా. ఇప్పుడు మూడు వేలకు అటూ ఇటూ. అప్పట్లో చర్మం కోసం చంపేవాళ్ళు. కెన్యా 1977లో వేటను నిషేధించింది. అయినా సంఖ్య మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. గడ్డి తగ్గింది, నీళ్ళకు పోటీ పెరిగింది. ఎండిపోయిన ఏటి ఇసుకలో పశువుల కాపర్లు చెలమలు తవ్వి, చుట్టూ ముళ్ళకంప వేస్తారు. పగలంతా అక్కడ పశువులే. జీబ్రాలు రాత్రి రావాల్సి వస్తుంది, సింహాలు తిరిగేదీ ఆ వేళలోనే. కాపర్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు, వాళ్ళకూ ఆ పశువులే ఆధారం. పైగా ఇప్పుడు ఆ జీబ్రాలను కనిపెట్టుకుని తిరిగే స్కౌట్లలో ఆ ఊళ్ళ ఆడవాళ్ళూ ఉన్నారు.

జూ పార్కులు వద్దని నేనను. వేర్వేరు జూల మధ్య జతలు కుదిర్చి, దగ్గరి రక్తసంబంధం కలవకుండా చూడటం అవసరమే. కానీ జూలో పుట్టిన పిల్లకు నీళ్ళ కోసం వెతకాల్సిన పనే రాదు. కంచె పక్కన బోర్డు మీద బరువు, ఎత్తు, ఒకప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు జూల్ గ్రేవీ పేరు పెట్టారన్న సంగతి ఉన్నాయి. చెలమల గురించి ఒక్క ముక్క లేదు. అది నాకు బాధగా అనిపించింది.

ఇంటికొచ్చాక కెన్యాలో జరిగే లెక్కింపు గురించి చదువుతూ కూర్చున్నాను. 2016 జనవరి చివర్లో రెండు రోజుల పాటు మామూలు జనమే కెమెరాలు పట్టుకుని బయల్దేరారు. ప్రతి జీబ్రాకీ కుడి పక్కనే ఫొటో తీయాలి. చారలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకే జంతువును రెండుసార్లు లెక్కపెట్టే టెన్షన్ లేదు. అప్పుడు 2,300 పైచిలుకు తేలాయి, 2018లో 2,800 పైచిలుకు. పిల్లలెన్నో కూడా విడిగా చూస్తారట. నేనైతే ముందు ఆ లెక్కే వెతుక్కుంటాను.