రెండు ఊద్‌లు, ఒక శ్రుతిదండం

శుక్రవారం, కువైట్. ఆగస్టు చివరి వారం.

బయటికి తలుపు తీస్తే కళ్లజోడు మీద ఆవిరి కమ్మేంత తేమ. లోపల రాత్రంతా ఏసీ నడిచి గాలి పొడిబారింది. ఊద్ అంటే మీటి వాయించే అరబ్ తీగ వాయిద్యం. పొద్దున పెట్టెలు తెరిచేసరికి అరబ్ ఊద్‌కి అన్నిటికన్నా సన్నని జోడులో ఒక తీగ జారిపోయి వేలాడుతోంది. టర్కీ ఊద్‌కి మంద్రం తీగ అర స్వరం దిగింది. రెండింటినీ శ్రుతి చేసి పెట్టడమే ఇవాళ్టి పని.

ఊద్ అంటే అరబ్బీలో కట్టె, చెక్క. మన ఊదుబత్తిలో ఉన్న ఊదు కూడా ఆ మాటే. పేరులోనే చెక్క ఉన్న వాయిద్యం తేమకి ఉబ్బడం, పొడికి ముడుచుకోవడం సహజం. తీగని బిగించే బిరడ ముడుచుకుంటే జారుతుంది, ఉబ్బితే బిగుసుకుపోతుంది. శ్రుతి తప్పడానికి సగం కారణం అక్కడే ఉంటుంది, తీగలో కాదు.

ముందు టేపు తీయాలి. తల దగ్గరి ఎముక పట్టీ నుంచి, తీగల రెండో కొస కట్టే బ్రిడ్జి ముందంచు దాకా తీగ పొడవు కొలవాలి. అరబ్ ఊద్ 61.5 సెంటీమీటర్లు, టర్కీ ఊద్ 58.5. ఆకారం చూసో, లోపలి చీటీ చూసో ఏ ఊద్ అని తేల్చకూడదు, ఈ కొలత చూసి తేల్చాలి. మెడ కూడా ఒకసారి కొలిస్తే మంచిది. తీగ పొడవులో సరిగ్గా మూడో వంతు ఉండాలి, అంటే ఒకదానికి 20.5, ఇంకోదానికి 19.5. మెడ ఒంటికి అతికే ఆ అంచు మీద తీగ నొక్కితే పంచమం పలుకుతుంది. మెట్లు లేని వాయిద్యంలో వేలికి దొరికే పెద్ద గుర్తు అదే.

రెండింటికీ 11 తీగలే. సన్నవైపు నుంచి ఐదు జోళ్లు, చివర ఒంటరిగా మంద్రం తీగ. అరబ్ పద్ధతిలో సన్నటి దాని నుంచి లావు దాకా: దో, సోల్, రే, లా, ఫా, దో (ఇవి పాశ్చాత్య స్వరాలు: దో అంటే C, రే D, మీ E, ఫా F, సోల్ G, లా A, సీ B). పాత పేర్లలో పై నాలుగూ కిర్దాన్, నవా, దూగాహ్, ఉషైరాన్. హెర్ట్జ్‌లలో 261.6, 196, 146.8, 110, 87.3, 65.4. మన కర్ణాటక సంగీతం లెక్కలో పై తీగ ఒకటో శ్రుతి, రెండోది ఐదు, మూడోది రెండు, నాలుగోది ఆరు. టర్కీ ఊద్ పై తీగ రెండో శ్రుతి, 293.7 హెర్ట్జ్. అంటే పై నాలుగు జోళ్లకూ రెండు పద్ధతుల మధ్య తేడా నిలువునా ఒక పూర్తి స్వరం. చెప్పడానికి అంతే. కానీ ఆ ఒక్క స్వరమే బ్రిడ్జిలు ఊడదీస్తుంది. దాని సంగతి తర్వాత.

రెండింటికీ ఒకే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) చాలు, 440 హెర్ట్జ్‌ది. అరబ్ ఊద్‌లో నాలుగో జోడు లా, 110. టర్కీ ఊద్‌లో రెండో జోడు లా, 220. దండాన్ని మోకాలికి తట్టి, కాడ చివర బ్రిడ్జి పక్కన పలకకి, అంటే ఊద్ ముందువైపు పలుచటి చెక్కకి ఆనిస్తే ఊద్ మొత్తం లా అని మోగుతుంది, తీగని అందులో కలపాలి. ఫోన్‌లో ట్యూనర్ ఉన్నా మొదటి తీగ దండంతోనే కలపడం మేలు. లావు తీగల మూల స్వరాన్ని ఫోన్ మైకు సరిగా అందుకోక, పై స్వరాన్ని చూపించి దారి తప్పిస్తూ ఉంటుంది.

అరబ్ ఊద్‌లో లా నుంచి పైకి పోవాలి. లా మీద రే, రే మీద సోల్, సోల్ మీద దో. ప్రతిదీ స–మ దూరమే. కింది తీగని షడ్జం అనుకుంటే పైది శుద్ధ మధ్యమం. చెవికి స–మ బాగా అలవాటు కాబట్టి ఈ నాలుగూ తేలిగ్గా కుదురుతాయి. చెవితో కలిపిన స–మ 498 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు), ట్యూనర్ చూపించేది 500. స్థాయికి 1200 సెంట్లయితే ఈ రెండు సెంట్ల తేడా ఎవరికీ పట్టింపు కాదు.

చిక్కు కింది వైపు వస్తుంది. ఫా నుంచి లా స–మ కాదు, స–గ. అంతర గాంధారం. తంబూరాలో దానంతట అది పలికే గాంధారం విని పెరిగిన చెవి ఇక్కడ కూడా ఆ తియ్యని గాంధారమే కావాలంటుంది. ఆ గాంధారం 386 సెంట్లు. కానీ పై నాలుగు తీగలూ శుద్ధమైన స–మలతో కలిపాక, పై దోకీ కింది దోకీ మధ్య సరిగ్గా రెండు స్థాయిలు ఉండాలంటే ఫా–లా 408 సెంట్లు ఉండి తీరాలి. నాలుగు స–మలు కలిస్తే 1992, రెండు స్థాయిలు 2400, మిగిలింది 408. చెవి అడిగినట్టు ఫాని తియ్యగా కలిపితే అది 22 సెంట్లు ఎక్కువవుతుంది. ఆ ఫా పట్టుకుని కలిపిన మంద్రం దో కూడా అంతే ఎక్కువవుతుంది. అప్పుడు పై దో, కింది దో కలిపి మీటితే సెకనుకి మూడుసార్లకి పైగా ఊగే అల ఒకటి వినిపిస్తుంది. చాలామంది ఈ ఊగుడు విని మంద్రం తీగ పాడైందనుకుని మార్చేస్తారు. తీగ తప్పేం లేదు, కలిపిన వరస తప్పు.

సరైన వరస: పై నాలుగూ అయ్యాక ఫాని వదిలేసి నేరుగా మంద్రం దోకి పోవాలి. దాన్ని పై దోతో రెండు స్థాయిల కింద కలపాలి. ఆ తర్వాత దాని మీద స–మగా ఫా. ఆఖర్న ఫా–లా మీటి చూస్తే గాంధారం కొంచెం వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. అలాగే ఉండాలి, ముట్టుకోకూడదు. ఊద్ శ్రుతిలో చెవి మాట వినకూడని చోటు ఇదొక్కటే.

కొందరు ఫాని సోల్‌కి, మంద్రం దోని రేకి ఎత్తుకుంటారు. అప్పుడు గాంధారం గొడవే ఉండదు. ఆ రెండూ పైనున్న సోల్, రేలకి ఒక్కో స్థాయి కింద.

ఇక జోళ్లు. రెండు తీగల్నీ ఒకేసారి కలపబోతే ఏది దిగిందో తెలియదు. ఒకదాని మీద వేలు ఆనించి నోరు మూయించి, రెండోదాన్ని ముందు పూర్తిగా కలపాలి. తర్వాత వేలు తీసి జోడుగా మీటాలి. సోల్ జోడులో ఒకటి 196, ఇంకోటి 197 ఉంటే సెకనుకి ఒక అల. కొలతలో అది తొమ్మిది సెంట్ల లోపే, కానీ జోడుకి అది చాలా ఎక్కువ. అల సాగి సాగి మూడు నాలుగు సెకన్లకి ఒకటి దాకా వస్తే చాలు. పూర్తిగా మాయమయ్యేదాకా కలపాల్సిన పని లేదు, జోడు తీగల మెరుపు ఆ కొంచెంలోనే ఉంటుంది.

బిరడ తిప్పేటప్పుడు శ్రుతిని ఎప్పుడూ కింది నుంచి పైకి తేవాలి. ఎక్కువైతే బాగా దింపి మళ్లీ ఎక్కించాలి. పైనుంచి దింపి ఆపితే ఎముక పట్టీ గాడిలో తీగ కొసరు బిగువు పట్టుకుని ఉంటుంది, నాలుగు మీట్లు పడగానే అది సర్దుకుని శ్రుతి జారుతుంది. తిప్పుతున్నప్పుడు టిక్కుమని చప్పుడై ఒక్కసారిగా గెంతిందంటే గాడి పట్టేస్తోందని అర్థం. పెన్సిల్ ముక్కు గాడిలో నాలుగుసార్లు రాస్తే పోతుంది.

పొద్దున జారిన ఆ పై తీగ బిరడని బయటికి లాగి దీపం కింద చూస్తే ఒంటి మీద రెండు చోట్ల పట్టీలు ఉండాలి, అది బిరడల పెట్టె రెండు గోడల్నీ ఒరుసుకునే చోట్లు. ఇక్కడ సన్నకొన వైపు పట్టీ నల్లగా మెరుస్తోంది, బిరడ తల వైపు అసలు లేదు. ఒక్క గోడకే ఆని తిరుగుతున్న బిరడ ఏ పొడి పూసినా నిలవదు. సన్నకొన పట్టీని సన్నని ఉప్పుకాగితంతో కొంచెం కొంచెం దించి, దూర్చి, తిప్పి, తీసి చూడటం. మూడోసారికి రెండు పట్టీలూ కనపడ్డాయి. అప్పుడు ఎండు సబ్బు ఒక గీత, దాని మీద సుద్దముక్క ఒక గీత. సబ్బు తిరగనిస్తుంది, సుద్ద ఆపుతుంది. తీగ చుట్టేటప్పుడు చుట్లు బిరడ తల వైపుకి పేర్చుకుంటూ రావాలి, ఆ బిగువే బిరడని లోపలికి లాగి పట్టుకుంటుంది. తిరగేసి చుడితే బయటికి తోస్తుంది.

తేమ రోజుల్లో బిరడ బిగుసుకుంటే మాత్రం బలం చూపకూడదు. తల దగ్గర సన్నబడే చోట పుటుక్కుమంటుంది. ఏసీ గదిలో ఓ పూట ఉంచితే అదే వదులవుతుంది.

మధ్యాహ్నం నుంచి టర్కీ ఊద్. పై నుంచి: రే, లా, మీ, సీ, ఫా దియేజ్, దో దియేజ్ (దియేజ్ అంటే అర స్వరం ఎక్కువ). అన్నీ స–మలే, గాంధారం చిక్కు లేదు. రెండోదైన లా దండంతో కలిపి, పైకి ఒకటి, కిందికి నాలుగు. పాత వరసలో కింది రెండూ లా, మీ. అవి పైనున్న లా, మీలకి స్థాయి కింద, కాబట్టి ఇంకా తేలిక. అయితే కొత్త వరసకి కొన్న మంద్రం తీగని దో దియేజ్ నుంచి మీకి ఎత్తితే బిగువు 41 శాతం పెరుగుతుంది. ఏ వరస వాడతామో తేల్చుకున్నాకే తీగ కొనాలి.

టర్కీ ఊద్‌తో అసలు ప్రమాదం పేర్లలో ఉంది. ఇస్తాంబుల్లో ఊద్ నేర్పేవాళ్లు పై తీగని సోల్ అంటారు, గెర్దానియె అని కూడా. రెండోది రే, నెవా. మూడోది లా, దూగాహ్. వాళ్ల స్వరలిపిలో రాసేది ఒకటి, మోగేది దానికన్నా స–మ దూరం కింద. అక్కడ పుట్టిపెరిగిన వాళ్లకి ఇందులో తికమక లేదు. తీగల పొట్లం మీద సోల్ అని చదివి ట్యూనర్లో సోల్ వచ్చేదాకా బిరడ తిప్పే కొత్తవాళ్లకే ఆపద. 293.7 దగ్గర ఆగాల్సిన తీగ 392కి పోవాలి. బిగువు శ్రుతి వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఐదు అర స్వరాలకి 1.78 రెట్లు. నాలుగు కిలోలు మోసే తీగ మీద ఏడు కిలోల బరువు. తీగ తెగితే అదృష్టం. తెగకపోతే బ్రిడ్జి లేస్తుంది. పొట్లం మీద ఏమున్నా సరే, టర్కీ ఊద్ పై తీగకి ట్యూనర్ రే అని చూపించాలి.

ఇంకా తరచుగా జరిగే పాడు పని, అరబ్ ఊద్‌ని ఉన్న తీగలతోనే టర్కీ శ్రుతికి ఎత్తడం. ఒక స్వరమే కదా అనిపిస్తుంది. బిగువు 26 శాతం పెరుగుతుంది. టర్కీ ఊద్ దాన్ని తట్టుకునేది పొడవు తక్కువ కావడం వల్ల. అదే తీగని 58.5కి కట్టి టర్కీ శ్రుతికి తెస్తే, 61.5 మీద అరబ్ శ్రుతిలో ఉన్నప్పటికన్నా 14 శాతమే ఎక్కువ. ఆ 14 కూడా లేకుండా ఉండటానికే టర్కీ తీగలు ఇంకాస్త సన్నం. పదకొండు తీగలూ కలిసి నలభై కిలోల దాకా లాగే బ్రిడ్జి, రెండు మిల్లీమీటర్లు కూడా లేని పలక మీద ఉత్త జిగురుతో నిలబడి ఉంది. దాని వెనకంచు కింద పలుచటి కాగితం దూర్చి చూస్తూ ఉండాలి. కాగితం దూరిందా, ఆ క్షణమే తీగలన్నీ వదులు చేయాలి.

టర్కీ ఊద్‌ని అరబ్ శ్రుతికి దించడం వల్ల వాయిద్యానికి హాని లేదు. కానీ బిగువు ఐదో వంతు పోయి తీగ మెడకి తగిలి గరగరమంటుంది. పై తీగ 0.64 మిల్లీమీటర్ల నైలాన్ అయితే 0.72ది మార్చుకుంటే మునుపటి బిగువు వస్తుంది.

బాగ్దాద్‌ది ఇంకో దారి. ఇస్తాంబుల్ నుంచి వెళ్లిన షరీఫ్ ముహియుద్దీన్ టార్గాన్ 1930లలో అక్కడ నేర్పిన విద్య మునీర్ బషీర్ లాంటి శిష్యుల చేతుల్లో పైకి పోయింది. దోకి పైన ఇంకో ఫా, 349 హెర్ట్జ్. ఆ వినికిడి నచ్చి మామూలు అరబ్ ఊద్ పై తీగనే ఫాకి ఎత్తకూడదు, ఇక్కడ కూడా లెక్క 1.78 రెట్లే. ఆ ఫాకి వేరే సన్న తీగ కావాలి. వాళ్లు ఎక్కువగా వాడే ఊద్‌లలో తీగలు బ్రిడ్జి మీదుగా పోయి అడుగున కట్టుకుంటాయి, బరువు పలక జిగురు మీద పడదు.

సాయంత్రం బయాతీ మకాం (మకాం అంటే అరబ్బుల రాగం లాంటిది) మొదలుపెట్టాలంటే అరబ్ ఊద్ మంద్రం దోని రేకి ఎత్తాలి, ఆ మకాం ఆధారం రే కాబట్టి. రాస్త్‌కి దో దగ్గరే ఉంటుంది. మంద్రం ఒక్కటి ఎత్తినా పలక రవ్వంత వంగి పై తీగలు కొంచెం దిగుతాయి. అందుకని మంద్రం ముందు, మిగిలినవి తర్వాత. పై జోడుకి కొత్త నైలాన్ రెండూ వేశాం, పాత తీగ పక్కన కొత్తది వేస్తే మెడ అంచు దగ్గర నొక్కినప్పుడు రెండూ రెండు దార్లు పోతాయి. కొత్త తీగని పలక మీదుగా వేలితో మెల్లగా పైకి లాగి వదలడం, మళ్లీ కలపడం, ఇలా ఐదారుసార్లు.

రాత్రి తొమ్మిదికి చూస్తే ఆ జోడు 20 సెంట్లు దిగి ఉంది. ఇంకో మూడు నాలుగు రోజులు ఇలాగే దిగుతుంది. మళ్లీ దోకి ఎత్తి, పెట్టె మూసి, ఏసీ గాలి తగలని అలమరలో పెట్టాం.